పట్టు కట్టిన ఊరు బూర్సా

టర్కీలోని బూర్సాలో ఏ మసీదు ముందు నిలబడినా గోపురాలు లెక్కపెట్టే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: దీని ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? ఒట్టోమన్ సుల్తానులు మసీదు కట్టించి ఊరుకోలేదు. దాని దీపాలకు నూనె, ఇమాంకి జీతం, మదరసా పిల్లలకు తిండి, పేదలకు గంజి ఏటేటా జరగాలి కదా. అందుకని పక్కనే సరాయిలు, స్నానశాలలు, అంగళ్లు కట్టించి, కొన్ని పల్లెల ఆదాయం రాసిచ్చి, అంతా వక్ఫ్ కింద పెట్టారు. ఆ అద్దెల్లో పెద్ద వాటా పట్టు వ్యాపారులదే. 2014లో యునెస్కో ఈ నగరాన్నీ, పక్కనున్న జుమాలికిజిక్ పల్లెనీ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఈ ఏర్పాటును చూసే. ఇస్తాంబుల్ నుంచి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయే బస్సు టూర్లలో ఆకుపచ్చ సమాధి, కబాబు, కేబుల్ కారు మాత్రమే దక్కుతాయి. ఐదు రోజులుంటే ఊరి లెక్క మొత్తం తెలుస్తుంది.

మే నెలాఖరు, జూన్ అన్నిటికన్నా మంచివి. సెప్టెంబరు, అక్టోబరు కూడా బాగుంటాయి. మ్యూజియంలకు సాధారణంగా సోమవారం సెలవు. పాత బజారులో ఆదివారం చాలా దుకాణాలు తెరవరు. మంగళవారం దిగేలా పెట్టుకుంటే ఈ రెండు ఇబ్బందులూ ఉండవు, శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ పెద్ద మసీదు దగ్గర ఉండే పనీ పడదు.

మొదటి రోజు: సముద్రం మీదుగా కోట గుట్టకి

ఇస్తాంబుల్ నుంచి బూర్సా నగరపాలక సంస్థ నడిపే పడవలు మర్మరా సముద్రం దాటి ముదాన్యా రేవుకి చేరుస్తాయి. దాదాపు రెండు గంటల ప్రయాణం. చలికాలంలో, వసంతంలో ‘లోదోస్’ అనే దక్షిణపు గాలి లేస్తే పడవలు రద్దవుతాయి, ఒక్కోసారి బయల్దేరే ముందు గానీ చెప్పరు. ముందురోజు సాయంత్రమే వాళ్ల ప్రకటన చూసుకోవాలి. రద్దయితే బస్సే గతి. 2016లో తెరిచిన ఒస్మాన్‌గాజీ వంతెన మీదుగా వెళ్తుంది. మధ్య స్తంభాల నడుమ 1,550 మీటర్లున్న వేలాడే వంతెన అది. ట్రాఫిక్ లేకపోతే రెండున్నర, మూడు గంటలు. బస్సు స్టాండు ఊరికి ఉత్తరాన పది కిలోమీటర్ల దూరంలో ఉంది కాబట్టి లోపలికి మరో అరగంట, ముప్పావుగంట కలుపుకోవాలి.

ముదాన్యాలో రేవుకి దగ్గర్లోనే సముద్రపు ఒడ్డున ఒక తెల్లని చెక్క భవనం. 1922 అక్టోబరు 11న టర్కీకీ మిత్రరాజ్యాలకీ మధ్య యుద్ధ విరమణ ఒప్పందం మీద సంతకాలు జరిగిన ఇల్లు అది, ఇప్పుడు మ్యూజియం. అరగంట చాలు. అక్కడి నుంచి బస్సు, ఆ తర్వాత మెట్రో. షెహ్రెకుస్తు స్టేషన్లో దిగితే పాత బజారు నడిచి వెళ్లేంత దగ్గర. బస్సుల్లో నగదు తీసుకోరు. బస్సెక్కే ముందే బూర్సాకార్ట్ అనే ప్రయాణ కార్డు కొని డబ్బు వేసుకోండి. ఇద్దరికి ఒక కార్డు సరిపోతుంది, రెండుసార్లు తాకిస్తే చాలు.

సామాను గదిలో పడేసి ముందు తోప్‌హానే గుట్ట ఎక్కాలి. ఊరు మొదలైంది ఇక్కడే. పూర్వం ఈ ప్రాంతాన్ని ఏలిన బిథీనియా రాజు ప్రూసియాస్ పేరు మీద ‘ప్రూసా’ అయింది. రోమన్ల కాలంలో గవర్నరుగా వచ్చిన చిన్న ప్లినీ, ప్రూసా స్నానశాల పాతబడిపోయింది, కొత్తది కట్టుకోనివ్వండి అని ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. ఏళ్ల తరబడి ముట్టడి సాగాక 1326 ఏప్రిల్‌లో బైజాంటైన్ల చేతిలోంచి దీన్ని ఒట్టోమన్లు తీసుకున్నారు. వంశ మూలపురుషుడు ఒస్మాన్, కొడుకు ఓర్హాన్ ఇద్దరి సమాధులూ గుట్ట మీదే ఉన్నాయి. ఇప్పుడు కనిపించే కట్టడాలు మాత్రం పాతవి కావు. 1855లో ఫిబ్రవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి వచ్చిన భూకంపాలు ఊరిని నేలమట్టం చేస్తే, 1863లో సుల్తాన్ అబ్దుల్ అజీజ్ మళ్లీ కట్టించినవి. బూర్సాలో ఏ గోడ చూసినా ‘1855కి ముందుదా, తర్వాతిదా’ అని అడగడం అలవాటు చేసుకోవాలి, లేకపోతే పందొమ్మిదో శతాబ్దపు మరమ్మతును పద్నాలుగో శతాబ్దపు పనితనం అనుకుని మురిసిపోతాం.

గడియార స్తంభం పక్కన నిలబడి కిందికి చూస్తే సీసం రేకులు కప్పిన గుండ్రటి కప్పులు గుంపుగా కనిపిస్తాయి. అవన్నీ కోట గోడకి బయటే ఉన్నాయి. అది ఓర్హాన్ తీసుకున్న నిర్ణయం. 1339లో గోడ బయట ఖాళీ నేల మీద మసీదు, గంజి కేంద్రం, స్నానశాల, ఎమిర్ హాన్ అనే సరాయి కట్టించాడు. వాటి చుట్టూ జనం చేరారు. తర్వాత వచ్చిన నలుగురు సుల్తానులూ ఒక్కొక్కరు ఒక్కో దిక్కున ఇలాంటి సముదాయమే కట్టారు, ఒక్కో పేట పుట్టింది. యిల్దిరిమ్, యెషిల్, మురాదియే, చెకిర్గే అనే ఇప్పటి పేటలు అలా వచ్చినవే. గుట్ట మీద నుంచి ఈ ఐదు దిక్కులూ గుర్తుపెట్టుకుంటే మిగతా రోజుల్లో దారి తప్పరు.

సాయంత్రం ఉలు జామి, అంటే పెద్ద మసీదు. నికోపోలిస్ యుద్ధం గెలిచాక మొదటి బయజీద్ 1396లో మొదలుపెట్టి 1399లో ముగించాడు. పన్నెండు స్తంభాలు, ఇరవై గోపురాలు. యుద్ధం గెలిస్తే ఇరవై మసీదులు కట్టిస్తానని మొక్కుకుని, చివరికి ఇరవై గోపురాలున్న ఒక్కటి కట్టించాడని చెప్పుకుంటారు. లోపల మధ్యలో నీళ్ల తొట్టి, దాని మీది గోపురానికి ఇప్పుడు అద్దం. పూర్వం అది ఆకాశానికి తెరిచి ఉండేది. గోడల మీద, స్తంభాల మీద పెద్ద పెద్ద అక్షరాల లిపి కళ.

వీటన్నిటికంటే ఎక్కువసేపు నిలబడాల్సింది వాల్‌నట్ చెక్క మింబర్ దగ్గర, ఇమాం ప్రసంగించే మెట్ల వేదిక అది. అయింటాబ్ (ఇప్పటి గాజియాంతెప్) నుంచి వచ్చిన హాజీ మెహమ్మద్ చేసినది. చిన్న చిన్న చెక్క ముక్కల్ని నక్షత్రాలు, బహుభుజుల ఆకారంలో కోసి, ఒకదాని అంచు మరొకదాని గాడిలో దూరేలా బిగించాడు. మేకు లేదు, జిగురు లేదు. చెక్క తేమకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. ఒకే వెడల్పు పలకతో చేస్తే చీలిపోతుంది. ముక్కలు గాడిలో వదులుగా ఆడుతుంటే ఆ కదలికంతా అతుకుల్లోనే సర్దుకుపోతుంది. ఆరు వందల ఏళ్ల తర్వాత కూడా ఇది వంకర పోకుండా నిలబడడానికి కారణం ఇదే. భూకంపంలో మసీదు గోపురాలు చాలావరకు కూలాయి, ఇది మిగిలింది.

ఆడవాళ్లు తల మీద కప్పుకోవాలి, మోకాళ్లు కనబడకూడదు. చెప్పులు సంచిలో వేసుకుని చేత్తో పట్టుకెళ్తే బయటికి వచ్చాక వెతుక్కునే పని ఉండదు.

రెండో రోజు: కోజా హాన్, పట్టు లెక్క

ఈ రోజు ఎక్కడికీ పరుగెత్తకండి. ఓర్హాన్ మసీదుకీ పెద్ద మసీదుకీ మధ్య అరకిలోమీటరు లోపలే సరాయిలన్నీ ఉన్నాయి: ఎమిర్ హాన్, ఫిదాన్ హాన్, గెయివె హాన్, పిరించ్ హాన్, మధ్యలో బెదెస్తెన్ అనే గట్టి గోడల బజారు. వాటిలో పెద్దది కోజా హాన్, అంటే పట్టుగూళ్ల సరాయి. రెండో బయజీద్ 1491లో కట్టించాడు. రాతి వరస, ఇటుక వరస మార్చి మార్చి పేర్చిన రెండంతస్తులు, 95 గదులు. కింద సరుకు, పైన వర్తకుల బస, తూర్పున మరో లోగిలిలో ఒంటెలు, గుర్రాలు. నడిమి ముంగిట్లో ఎనిమిది స్తంభాల మీద నిలబెట్టిన చిన్న మసీదు, దాని అడుగున నీళ్ల తొట్టి. ఈ సరాయి అద్దెలు ఇస్తాంబుల్లో ఆ సుల్తాను కట్టించిన పెద్ద మసీదు వక్ఫ్‌కి వెళ్లేవి. అంటే రాజధాని మసీదు బూర్సా పట్టు మీద బతికింది.

మొదట్లో ఆ పట్టు ఇక్కడిది కాదు. ఇరాన్‌లో కాస్పియన్ సముద్రపు ఒడ్డునున్న గిలాన్, మాజందరాన్‌లలో తీసిన ముడి పట్టు తబ్రీజ్ మీదుగా ఒంటెల బిడారుల్లో వచ్చేది. దిగిన ప్రతి మూటనీ ప్రభుత్వ త్రాసు మీద తూచి సుంకం వసూలు చేశాకే అమ్మనిచ్చేవాళ్లు. జెనోవా, ఫ్లోరెన్స్ వర్తకులు ఇక్కడే కాచుకుని కొనేవాళ్లు. కొంత సరుకు ఊళ్లోనే మఖమల్, జరీ బట్టగా నేసేవాళ్లు.

మనకి దగ్గరి సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. బహమనీ వజీరు మహమూద్ గవాన్ పుట్టింది ఆ గిలాన్‌లోనే. పదిహేనో శతాబ్దం చివర్లో ఆయన ఏజెంట్లు దక్కన్ నుంచి బట్టలు తెచ్చి బూర్సాలో అమ్మినట్టు ఇక్కడి ఖాజీ కోర్టు రికార్డుల్లో ఉంది. 1481లో గవాన్‌కి మరణశిక్ష పడింది కృష్ణా తీరంలో మన కొండపల్లి దగ్గర సుల్తాను విడిదిలో. కొండపల్లి కోటకీ ఈ ముంగిళ్లకీ మధ్య బట్టల మూటలు నడిచిన దారి ఒకటుందని తెలిశాక సరాయిని చూసే చూపు మారుతుంది.

ఇరాన్‌తో యుద్ధం వచ్చినప్పుడల్లా ఈ దారి తెగేది. 1514 చల్దిరాన్ యుద్ధం ముందూ వెనకా మొదటి సెలీమ్ ఇరాన్ పట్టు వ్యాపారాన్నే నిషేధించాడు. మగ్గాలు ఆగిపోయాయి. ఆ దెబ్బలు తగిలి తగిలి, పదహారో శతాబ్దం చివరికి బూర్సా చుట్టూ మల్బరీ చెట్లు లేచాయి, పురుగుల్ని ఇక్కడే పెంచడం మొదలైంది.

పెంపకం వివరం హిందూపురం, మదనపల్లె రైతులకి కొత్తేమీ కాదు, తేడా వాతావరణంలోనే. మనకి ఏడాదికి ఎన్నో పంటలు. ఇక్కడ చలికి మల్బరీ ఆకు రాలిపోతుంది కాబట్టి వసంతపు పంటే ప్రధానం. ఏప్రిల్ చివర్లో చిగురు వచ్చాక గుడ్లు పొదిగిస్తారు. ఒక పెట్టెలో ఇరవై వేల గుడ్లు. దాదాపు నెల రోజులు మేత, నాలుగుసార్లు జ్వరం (మేత మాని కుబుసం విడవడం), చివరి వారంలోనే ఆకులో ఎక్కువ భాగం ఖర్చవుతుంది. తడి ఆకు వేస్తే పురుగు జబ్బు పడుతుంది, వానలు ఎక్కువ పడిన వసంతంలో పంట పోయేది ఇందుకే. ఎండు కొమ్మల మీదికి ఎక్కించాక మూడు రోజుల్లో గూడు కడుతుంది. ఆ తర్వాత రైతు దగ్గర టైం లేదు. రెండు వారాల్లో లోపలి పురుగు రెక్కల పురుగుగా మారి గూడు చిల్లు చేసుకుని బయటికొస్తే దారం తెగి, ఒకే పోగుగా తీయడానికి పనికిరాదు. ఈలోపే అమ్మాలి, కొన్నవాడు ఆవిరి పట్టి పురుగుని చంపాలి. అందుకే జూన్‌లో కోజా హాన్ ముంగిలి తెల్లని బుట్టలతో నిండిపోయేది, బేరం ఎప్పుడూ కొనేవాడి వైపే మొగ్గేది. కిలో ముడి పట్టుకి ఆరేడు కిలోల పచ్చి గూళ్లు కావాలి.

పందొమ్మిదో శతాబ్దంలో ఆవిరి యంత్రాలతో పట్టు తీసే మిల్లులు వచ్చాయి. పనివాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. వెంటనే పెబ్రిన్ తెగులు వచ్చి పంటలు తుడిచిపెట్టేసింది. మందు లేని జబ్బు అది. తల్లి పురుగు గుడ్లు పెట్టాక దాన్ని నలిపి సూక్ష్మదర్శినిలో చూసి, తెగులు బీజాలు కనిపిస్తే ఆ గుడ్లన్నీ పారేయడమొక్కటే దారి అని పాశ్చర్ చూపించాడు. ఆ పద్ధతి నేర్పడానికి 1888లో కెవోర్క్ తోర్కోమ్యాన్ ఆధ్వర్యంలో బూర్సాలో పట్టు పాఠశాల తెరిచారు. డబ్బు పెట్టింది ఒట్టోమన్ అప్పుల వసూలు సంస్థ, ఎందుకంటే పట్టు పన్ను యూరప్ అప్పులవాళ్లకి తాకట్టులో ఉంది. మన గుడ్ల కేంద్రాల్లో ఇప్పటికీ చేసే తల్లి పురుగు పరీక్ష ఇదే.

1940లో గూళ్ల రైతుల సహకార సమాఖ్య కోజాబిర్లిక్ బూర్సా కేంద్రంగా ఏర్పడింది. 1990ల నుంచి చౌక చైనా పట్టు ముంచెత్తడంతో బూర్సా రైతులు మల్బరీ తోటలు తీసేసి పీచ్ చెట్లు వేసుకున్నారు, మిగతా నేల ఇళ్లకి పోయింది. ఇప్పుడు టర్కీలో గూళ్లు ఎక్కువగా పండేది తూర్పున దియార్‌బకీర్ వైపు.

కాబట్టి కోజా హాన్‌లో కొనేటప్పుడు ‘బూర్సా పట్టు’ అంటే ఇక్కడ నేసినది, ముద్రించినది అని అర్థం చేసుకోండి, ఇక్కడ పండినది అని కాదు. చీటీ మీద ‘%100 ఇపెక్’ అని ఉంటేనే పట్టు. ‘సుని ఇపెక్’ అంటే కృత్రిమ పట్టు, ‘ఇపెక్సి’ అంటే పట్టులా ఉండేది. అద్దకం ఎంత బాగున్నా ఈ రెండింటికీ పట్టు ధర ఇవ్వకండి. తొంభై సెంటీమీటర్ల చదరపు స్కార్ఫ్ ఇక్కడి మామూలు కొలత. అంచు చూడండి: చేత్తో చుట్టి కుట్టినదైతే కొంచెం ఉబ్బుగా, కుట్లు ఎడం ఎడంగా ఉంటాయి. మిషన్ అంచు పట్టీలా అణిగి ఉంటుంది. అనుమానం ఉంటే అంచు నుంచి ఒక పోగు తీసి కాల్చి చూపించమనండి, మంచి దుకాణదారు కాదనడు. పట్టైతే జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. విస్కోస్ కాగితం కాలిన వాసన వేస్తుంది. పై అంతస్తు దుకాణాల్లో రద్దీ తక్కువ, తీరిగ్గా చూపిస్తారు.

మధ్యాహ్నం ఇస్కెందెర్ కబాబు. నిలువు కమ్మీకి గుచ్చిన మాంసాన్ని బొగ్గు సెగ మీద కాల్చడాన్ని 1867 నుంచి ఇస్కెందెర్ ఎఫెందీ కుటుంబం పేరు మీద చెప్పుకుంటారు. పిదె రొట్టె ముక్కలు పరిచి, పల్చగా కోసిన మాంసం, టమాటా రసం, పక్కన పెరుగు, ఆఖర్న బల్ల దగ్గరికే వచ్చి చుర్రుమనే వెన్న పోస్తారు. పోసిన వెంటనే తినాలి, అయిదు నిమిషాలాగితే రొట్టె ముద్దయిపోతుంది. చాలాచోట్ల గొర్రె మాంసంలో గొడ్డు మాంసం కలుపుతారు. వద్దనుకునేవాళ్లు ఆర్డరుకి ముందే ‘కుజు’నా, ‘దనా’నా అని అడగాలి. మొదటిది గొర్రెపిల్ల, రెండోది గొడ్డు. శాకాహారులకి ఎర్ర కందిపప్పు లాంటి మెర్జిమెక్ సూప్, నువ్వుల ముద్ద పెట్టిన తాహిన్లి పిదె ఏ బేకరీలోనైనా దొరుకుతాయి. కొన్నిచోట్ల సూప్‌ని మాంసం రసంతో కాస్తారు, ‘ఎత్‌సుయు వార్ మి’ అని అడగండి.

మూడో రోజు: ఆకుపచ్చ పలకలు, గుర్రపు బండ్లు

1402లో అంకారా దగ్గర బయజీద్ తైమూరుకి చిక్కాడు, బూర్సా దోపిడీకి గురైంది. కొడుకులు పదేళ్లకి పైగా కొట్టుకున్నాక గెలిచిన మొదటి మెహమ్మద్ కట్టించినదే యెషిల్ జామి, ఆకుపచ్చ మసీదు. వాస్తు హాజీ ఇవాజ్ పాషాది. ముందు వసారా కట్టకముందే 1421లో సుల్తాను చనిపోయాడు, ఆ తర్వాత ఎవరూ పూర్తి చేయలేదు.

లోపల మక్కా దిక్కు చూపే గోడ గూడు, అంటే మిహ్రాబ్ మీద ‘తబ్రీజ్ పనివాళ్లు చేసినది’ అని సంతకం ఉంది. అలంకరణకి పెద్ద అయిన నక్కాష్ అలీని తైమూరు సేన చిన్నప్పుడు ఎత్తుకుపోతే, సమర్‌ఖండ్ వైపు పని నేర్చుకుని తిరిగొచ్చాడు. ఊరిని దోచిన సేనే ఊరికి ఈ కళ రావడానికి కారణమైంది. పలకలకి దగ్గరగా ముఖం పెట్టి చూడండి. ఒక్కో రంగు చుట్టూ సన్నని నల్ల గీత ఉంటుంది. జిడ్డు కలిపిన మాంగనీసు రంగుతో ముందు గీతలు గీసి, మధ్య గళ్లలో రంగు గాజుపూత నింపేవాళ్లు. బట్టీలో పూతలు కరిగినా జిడ్డు గీత దాటి ఒకదాంట్లోకి ఒకటి పారవు. జిడ్డు కాలిపోయి గీత మిగులుతుంది. ఎదురుగా ఉన్న యెషిల్ తుర్బే, అంటే ఆకుపచ్చ సమాధిలో సుల్తాను సమాధి పలకలు అసలువి. బయటి గోడల నీలాకుపచ్చ పలకలు చాలావరకు భూకంపం తర్వాత కుతాహ్యా అనే ఊళ్లో చేయించి అతికించినవి. రెండింటి రంగు పక్కపక్కన పోల్చి చూస్తే పాతదాని లోతు తెలుస్తుంది.

కిందికి దిగితే గోక్‌దెరె వాగు మీద ఇర్గాంది వంతెన, 1442లో ఒక వర్తకుడు కట్టించినది. వంతెన మీద రెండు వైపులా దుకాణాలుంటాయి. భూకంపానికి దెబ్బతిని, 1922లో వెనక్కి పోతున్న గ్రీకు సేన పేల్చేయగా, ఈ శతాబ్దంలో మళ్లీ కట్టారు.

దగ్గర్లోనే ఉమూర్‌బేలో పాత పట్టు మిల్లు ఆవరణలో టోఫాష్ కార్ల కంపెనీ నడిపే అనతోలియా బండ్ల మ్యూజియం ఉంది. టూరిస్టులు పెద్దగా రారు, అది పొరపాటు. చక్రపు ఆకులు, ఇనుప పట్టా, ఇరుసు దగ్గర నుంచి చూడొచ్చు. బూర్సా కార్ల ఊరు ఎందుకైందో ఇక్కడ అర్థమవుతుంది. బండ్లు చేసే వడ్రంగులు, కమ్మరులు, బాల్కన్ నుంచి వలస వచ్చిన చేతిపనివాళ్లు, మిల్లుల్లో షిఫ్టు క్రమశిక్షణకి అలవాటు పడిన కార్మికులు, పక్కనే జెమ్లిక్ రేవు. ఇవన్నీ ఉన్నచోటే 1960ల్లో దేశపు మొదటి వ్యవస్థీకృత పారిశ్రామిక వాడ వచ్చింది. 1971లో టోఫాష్ ఫియట్ నమూనాతో, ఓయాక్ రెనో రెనో 12తో ఉత్పత్తి మొదలుపెట్టాయి. 2022లో దేశీయ ఎలక్ట్రిక్ కారు టోగ్ ఫ్యాక్టరీ కూడా ఈ జిల్లా జెమ్లిక్‌లోనే తెరిచారు.

నాలుగో రోజు: పల్లె, కొండ

మెట్రోలో తూర్పు వైపు జుమాలికిజిక్–దెయిర్మెనోను స్టేషన్లో దిగి చిన్న బస్సు పట్టుకుంటే పల్లె. వారాంతంలో నగరమంతా అక్కడే టిఫిన్ తింటుంది, సందుల్లో కాలు పెట్టే చోటుండదు. మామూలు రోజున తొమ్మిదికల్లా చేరండి. దాదాపు 270 పాత ఇళ్లు. కింద రాతి గోడ, పైన చెక్క చట్రంలో మట్టి ఇటుక. రాతి దారి మధ్యకి వాలుగా ఉండి వాననీరు అక్కడే పారుతుంది, తడిస్తే జారుతుంది, పట్టున్న బూట్లు వేసుకోండి. ఈ పల్లె ఆదాయాన్ని ఓర్హాన్ వక్ఫ్‌కి రాసిచ్చారు. మొదటి రోజు చూసిన మసీదుని పోషించిన పొలాలు ఇవే.

మధ్యాహ్నం తెఫెర్రుచ్ స్టేషన్ నుంచి ఉలుదాగ్ కొండ మీదికి కేబుల్ కారు. దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, నాలుగు స్టేషన్లు. శిఖరం 2,543 మీటర్లు, కేబుల్ కారు సుమారు 1,800 దాకానే. ఊరికంటే పది డిగ్రీలు చల్లగా ఉంటుంది, జూన్‌లోనూ జాకెట్టు కావాలి. గాలి ఎక్కువైతే ఆపేస్తారు, పైన ఇరుక్కుంటే రోడ్డు మీద ట్యాక్సీయే. సాయంత్రం నాలుగుకల్లా దిగడం మొదలుపెట్టండి.

ఐదో రోజు: మురాదియే, చెకిర్గే, మెరినోస్

మురాదియే తోటలో రెండో మురాద్ సమాధి పైకప్పు మధ్యలో తెరిచి ఉంటుంది, వాన తన మట్టి మీద పడాలని ఆయనే కోరాడు. చుట్టూ యువరాజుల సమాధులు. సులేమాన్ 1553లో చంపించిన కొడుకు ముస్తఫా ఇక్కడే ఉన్నాడు. పలకలు, బొమ్మలు ఎంత అందంగా ఉన్నా, ఇందులో చాలామంది సొంత వాళ్ల చేతుల్లో పోయినవాళ్లేనని మరవకూడదు.

చెకిర్గే దారిలో కారగోజ్ అనే టర్కీ తోలుబొమ్మలాట మ్యూజియం. ఒంటె తోలుని పల్చగా గీకి, కోసి, రంగులద్దిన బొమ్మలు ముప్ఫై, నలభై సెంటీమీటర్లుంటాయి. మన తోలుబొమ్మలు మనిషెత్తు దాకా పోతాయి, ఆడించేవాళ్లు కొందరుండాలి. ఇక్కడ ఒక్కడే అడ్డ పుల్లలతో అన్ని పాత్రలూ ఆడించి, అన్ని గొంతులూ పలుకుతాడు. ఆ పైన మొదటి మురాద్ మసీదు: కింద నమాజు, పై అంతస్తులో మదరసా.

వేడి నీటి స్నానానికి 1552లో రుస్తెమ్ పాషా కట్టించిన యెని కప్లిజా ఉంది. నడుముకి పెష్తెమాల్ కట్టుకునే లోపలికి. తొట్టిలో పది, పదిహేను నిమిషాలకి మించకండి, వెంటనే లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు మానుకోవడమే మంచిది.

చివర్న మెరినోస్. 1938 ఫిబ్రవరి 2న అతాతుర్క్ తెరిచిన ఉన్ని మిల్లు, ఇప్పుడు పార్కు, వస్త్ర మ్యూజియం. దువ్వెన యంత్రం నుంచి మగ్గం దాకా వరస తప్పకుండా ఉన్నాయి, గంటన్నర పెట్టుకోండి.

తిరుగు ప్రయాణానికి జెమ్లిక్ నల్ల ఆలివ్‌లు, వాల్‌నట్ పరిమాణంలో చక్కెర పాకం పట్టిన చెస్ట్‌నట్‌లు కొనుక్కోవచ్చు. ఉప్పునీటిలో ఉన్న ఆలివ్‌లు విమానంలో కారతాయి, వాక్యూమ్ చేసిన పొడి ‘సెలె’ రకం అడగండి. చెస్ట్‌నట్ పాకం డబ్బాలు చేతి సంచిలో ద్రవం కింద లెక్కేసి ఆపవచ్చు, పెద్ద సామానులో వేయండి. పడవ టిక్కెట్టు వారాంతంలో అయిపోతుంది కాబట్టి ముందే తీసుకోవాలి. ఇస్తాంబుల్ నుంచి రాత్రి విమానం ఉంటే మాత్రం పడవని నమ్ముకోకుండా మధ్యాహ్నపు బస్సే ఎక్కండి.